బావిలోకి దిగే డీజిల్ ఇంజిన్‌కు రోడ్డు సర్టిఫికెట్ చాలదు

బెంగళూరులోని పీణ్య పారిశ్రామికవాడలో డీజిల్ ఇంజిన్లను పరీక్షించడం నా ఉద్యోగం. మా దగ్గర పనిచేసేవాళ్లలో అనంతపురం, చిత్తూరు, కోలారు వైపు తెలుగువాళ్లు ఎక్కువ. నాది గోదావరిఖని అనీ, మా ఇంట్లో రెండు తరాలు బొగ్గుబావిలోకి దిగారనీ తెలిసినప్పటి నుంచి వాళ్లలో ఎవరో ఒకరు ఒకే ప్రశ్న అడుగుతుంటారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6, అంటే రోడ్డు వాహనాల పొగకు హద్దులు పెట్టే ప్రమాణం, అమల్లోకి వచ్చింది, డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు తగ్గింది, కొత్త లారీల పొగగొట్టాల్లో మసి కంటికి కనిపించడం లేదు. మరి అదే ఇంజిన్‌ను గనిలోకి దింపితే సరిపోదా, భూగర్భ బొగ్గు గనుల డీజిల్ యంత్రాలకు వేరే నిబంధనలు ఎందుకు అని వాళ్ల సందేహం. సందేహం సహేతుకమైనదే. దానికి జవాబు రెండు ముక్కల్లో తేలేది కాదు కనుక తీరికగా ఇక్కడ రాస్తున్నాను.

బొగ్గు గనిలో డీజిల్ యంత్రంతో రెండు వేర్వేరు ప్రమాదాలున్నాయి. ఒకటి, అది బొగ్గు పొరల్లోంచి వచ్చే మండే వాయువు మీథేన్‌ను గానీ బొగ్గు దుమ్మును గానీ అంటించడం. రెండోది, దాని పొగ మనుషుల ఊపిరితిత్తుల్లోకి పోవడం. గనుల చట్టాలు మొదటి భయం చుట్టూ పెరిగాయి, ఎందుకంటే పేలుడు ఒక్క క్షణంలో పదుల ప్రాణాలు తీస్తుంది, మర్నాడు పేపర్లో పడుతుంది. రెండోది ఇరవై ఏళ్ల తరువాత ఏ ఆసుపత్రి మంచం మీదనో బయటపడుతుంది, దానికి లెక్కలు రాసేవారుండరు. అసలు చిక్కు ఏమిటంటే, మొదటి ప్రమాదాన్ని ఆపడానికి పెట్టే ఏర్పాటు రెండో ప్రమాదాన్ని ఆపే పరికరానికి అడ్డు తగులుతుంది, రెండోదాన్ని ఆపే పరికరం మొదటి ప్రమాదాన్ని తెచ్చిపెడుతుంది. రోడ్డు మీది ఇంజిన్‌కు ఈ పీటముడి లేదు.

మొదటి సంగతి ముందు చూద్దాం. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. లారీ ఇంజిన్‌లో సిలిండర్ల పొగను పోగుచేసే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, ఆ పొగతో తిరిగే టర్బో కలిసే చోట, లోడు మీద నడిచేటప్పుడు లోహం ఎర్రగా కాలడం మా టెస్ట్ బెడ్ మీద రోజూ కనిపించేదే. గనిలో అలాంటి ఉపరితలానికి అనుమతి లేదు. నిజానికి మీథేన్ కంటే ముందు భయపడవలసింది బొగ్గు దుమ్ముకు. యంత్రం మీద పొరగా పేరుకున్న దుమ్ము మీథేన్‌కు కావలసిన వేడిలో చాలా తక్కువకే నివురుగప్పిన నిప్పులా కాలడం మొదలుపెడుతుంది. అందుకే గనుల విద్యుత్ పరికరాల అంతర్జాతీయ ప్రమాణాల్లో దుమ్ము పేరుకునే చోట 150 డిగ్రీల సెల్సియస్, పేరుకోని చోట 450 డిగ్రీలు అని రెండు హద్దులు పెట్టారు. అమెరికా గనుల భద్రతా సంస్థ ఎంషా కూడా పేలుడు వాయువులుండే చోటికి అనుమతించే డీజిల్ యంత్రాల ఉపరితల ఉష్ణోగ్రత 302 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే 150 సెల్సియస్ దాటరాదని నిర్దేశించింది.

ఆ హద్దులో ఉంచాలంటే ఇంజిన్ స్వరూపమే మారిపోతుంది. మానిఫోల్డ్ చుట్టూ, టర్బో చుట్టూ నీటి జాకెట్ ఉంటుంది. గాలి లోపలికి పోయే దారిలోనూ పొగ బయటకొచ్చే దారిలోనూ జ్వాలా నిరోధకాలు, అంటే సన్నని సందులతో పేర్చిన లోహపు పలకల కట్టలు ఉంటాయి. సిలిండర్ లోపలి మంట వెనక్కి తన్నినా ఆ పలకల మధ్య వేడి కోల్పోయి చచ్చిపోతుందే గానీ బయటి గాలిని తాకదు. స్టార్ట్ చేయడానికి బ్యాటరీ మోటారు బదులు పీడన గాలినో హైడ్రాలిక్ ఒత్తిడినో వాడతారు. పొగ మొత్తం ఒక నీటి తొట్టి గుండా, అంటే స్క్రబ్బర్ గుండా పోయి 76 డిగ్రీల లోపుకు చల్లబడి బయటకు రావాలి, తొట్టిలో నీళ్లు తగ్గితే ఇంజిన్ దానంతటదే ఆగిపోవాలి.

వీటిలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా తోచేది గాలి మూసే వాల్వు. పెట్రోల్ ఇంజిన్‌కు తాళం తిప్పితే నిప్పురవ్వ ఆగి ఇంజిన్ ఆగుతుంది. డీజిల్ ఇంజిన్‌ను ఆపాలంటే ఇంధనం కట్టేయాలి. అయితే ఇంజిన్ పీల్చే గాలిలోనే మీథేన్ ఉంటే, డీజిల్ కట్టేసినా ఆ మీథేన్‌నే ఇంధనంగా తీసుకుని ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది, కొన్నిసార్లు వేగం అదుపు తప్పి పెరిగిపోతుంది. అప్పుడు దాన్ని ఆపే మార్గం ఒక్కటే, గొంతు నొక్కినట్లు గాలి దారినే మూసేయడం. ఆ వాల్వు లేని డీజిల్ యంత్రాన్ని గ్యాస్ ఉన్న ఫేస్, అంటే బొగ్గు తవ్వే చోటు, దగ్గరికి పంపకూడదు. ఏ బీఎస్-6 సర్టిఫికెట్టూ ఈ విషయం గురించి మాట్లాడదు, మాట్లాడవలసిన అవసరం దానికి లేదు.

ఇక రెండో ప్రమాదం. డీజిల్ పొగలో కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, కొంత గంధకపు వాయువు, వీటన్నిటితో పాటు మసి ఉంటాయి. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నైట్రోజన్ డయాక్సైడ్ పని ఇంకో తీరు. పీల్చినప్పుడు కాస్త దగ్గు వచ్చి తగ్గినట్టుంటుంది, మనిషి షిఫ్టు ముగించుకుని ఇంటికి పోతాడు, గంటల తరువాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మసి కణాలు చాలావరకు ఒక మైక్రాన్‌లో పదో వంతు పరిమాణంలో ఉంటాయి కనుక ముక్కులో, గొంతులో చిక్కుకోకుండా నేరుగా గాలి గదుల దాకా వెళ్తాయి.

ఈ మసిని నీటి తొట్టి కడిగేస్తుందని గనుల్లో చాలామంది నమ్ముతారు. పొగ తెల్లటి ఆవిరితో, తడిగా బయటకొస్తుంది కాబట్టి శుభ్రపడినట్లు కనిపిస్తుంది. హుక్కాలో నీళ్లు పొగను చల్లబరిచినట్లే ఇక్కడా జరిగేది ప్రధానంగా చల్లబరచడం, నిప్పురవ్వలను ఆర్పడం. మసిలో కొద్ది భాగమే నీళ్లలో నిలుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ నీళ్లలో దాదాపు కరగవు, అవి యథాతథంగా బయటికొస్తాయి.

అయితే బీఎస్-6 లారీలో ఉండే మసి ఫిల్టర్‌నే తెచ్చి పెడదామంటారా? పీటముడి ఇక్కడే బిగుస్తుంది. ఆ ఫిల్టర్ పింగాణీ గోడల్లో మసిని పట్టి, నిండినప్పుడు దాన్ని కాల్చి బూడిద చేసుకుంటుంది. ఉత్ప్రేరకం సాయం లేకుండా మసి కాలాలంటే 550 నుంచి 600 డిగ్రీలు కావాలి. 150 డిగ్రీలు దాటకూడని చోట 600 డిగ్రీల కొలిమిని ఎలా పెడతాం? ప్లాటినం పూసిన ఫిల్టరయితే మసి తక్కువ వేడికే కాలుతుంది గానీ, అదే ప్లాటినం నైట్రిక్ ఆక్సైడ్‌లో కొంత భాగాన్ని మరింత విషపూరితమైన నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. రోడ్డు మీద ఆ కొద్ది పెరుగుదల గాలిలో కలిసిపోతుంది, తరువాతి దశలో యూరియా ద్రావణం చల్లి దాన్ని విరగ్గొట్టే ఏర్పాటు కూడా ఉంటుంది. గనిలో గ్యాలరీ అనే నాలుగు మీటర్ల వెడల్పు సొరంగ దారిలో, గాలి నెమ్మదిగా కదిలే చోట అది డ్రైవరు ముఖం ముందే నిలుస్తుంది.

ఈ ముడికి గనులవాళ్లు కనిపెట్టిన పరిష్కారం చాలా సాదాసీదాది, నాకు నచ్చినదీ అదే. పొగను ముందు నీటితోనో హీట్ ఎక్స్‌ఛేంజర్‌తోనో చల్లబరిచి, ఆ తరువాత మడతలు పెట్టిన కాగితపు ఫిల్టర్ గుండా పంపుతారు. లారీ ఎయిర్ క్లీనర్‌లో ఉండే కాగితానికి ఇది దగ్గరి బంధువు. మసిలో 90 శాతానికి పైగా పట్టేస్తుంది. నిండితే పారేసి కొత్తది వేయాలి. కాల్చే పని లేదు, ప్లాటినం అక్కర్లేదు. దాని లోపం కూడా అక్కడే ఉంది. అది కాగితం కనుక చల్లబరిచే వ్యవస్థ విఫలమైన రోజు అంటుకునే మొదటి వస్తువు అదే అవుతుంది. కాబట్టి ఫిల్టర్ ముందు ఉష్ణోగ్రత సెన్సర్, అది చెప్పగానే ఇంజిన్‌ను ఆపే మీట తప్పనిసరి. ఆ సెన్సర్‌ను తీగ పీకి పక్కన పెట్టడం ఎంత సులువో చెప్పనవసరం లేదు.

మా ప్రయోగశాలలో మసిని తూచడానికి అరచేతిలో ఇమిడే తెల్లటి గుండ్రని ఫిల్టర్ ముక్కలు వాడతాం. పరీక్షకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి అతి సున్నితమైన త్రాసు మీద తూచితే ఆ తేడాయే మసి. పాత తరం ఇంజిన్‌కు ఎదురుగా పెట్టిన ముక్క కొద్ది నిమిషాలకే కాటుక పూసినట్లు నల్లబడుతుంది, కాగితపు ఫిల్టర్ వెనక పెట్టింది లేత బూడిద రంగు తిరుగుతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లకు అంకెల కంటే ముందు ఈ రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

పొగగొట్టం దగ్గర ఎంత పట్టినా మిగిలినదాన్ని పలుచన చేయవలసింది గాలే. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ నిబంధనల ప్రకారం డీజిల్ ఇంజిన్ నడిచే చోట ఒక్కో కిలోవాట్‌కు సెకనుకు 0.06 ఘనపు మీటర్ల గాలి ఉండాలి. మధ్యరకం బండి 100 కిలోవాట్లనుకుంటే సెకనుకు 6, నిమిషానికి 360 ఘనపు మీటర్లు. మన 2017 నాటి కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ ప్రకారం ప్రతి వెంటిలేషన్ డిస్ట్రిక్ట్‌లో, అంటే గాలి సరఫరా కోసం విడదీసిన గని భాగంలో, ఒక్కో మనిషికి నిమిషానికి కనీసం 6 ఘనపు మీటర్లు, లేదా రోజువారీ ఉత్పత్తిలో ఒక్కో టన్నుకు 2.5 ఘనపు మీటర్లు, ఏది ఎక్కువైతే అది అందాలి. మనుషుల లెక్కన చూస్తే ఆ ఒక్క బండి 60 మంది వాటా గాలి తీసుకుంటుంది. అమెరికాలో ఆమోదం పొందిన ప్రతి ఇంజిన్ నేమ్‌ప్లేట్ మీదా దానికి కావలసిన గాలి పరిమాణం చెక్కి ఉంటుంది. ఒకే గాలి దారిలో ఫేస్ దగ్గర రెండు మూడు యంత్రాలు నడిస్తే ఆ అంకెలను కూడాలి. ప్లేటు మీది అంకెను ఓవర్‌మన్, అంటే షిఫ్టులో పనిని పర్యవేక్షించే అధికారి, చదివి, కూడి, చేతిలోని గాలివేగం కొలిచే ఎనిమోమీటర్ చూపే అంకెతో పోల్చుకోవచ్చు. నిబంధన ఇలా పని జరిగే చోటనే చదవడానికి వీలుగా ఉండాలని నా అభిప్రాయం.

అంకెలు కాగితం మీద బాగానే ఉంటాయి. ఫ్యాన్ లాగే గాలిలో సగం కూడా ఫేస్ దాకా చేరకపోవడం గనుల్లో వింతేమీ కాదు, గాలిని దారి మళ్లించడానికి కట్టే అడ్డుగోడల (స్టాపింగుల) సందుల్లోంచి, తలుపుల్లోంచి కారిపోతూనే ఉంటుంది. మా మేనమామ ఓవర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఈ లెక్క ఫోన్లో చెబితే నవ్వాడు. "అల్లుడా, రిజిస్టర్ల గాలి ఎప్పుడూ మస్తుంటది. ఫేస్ కాడికి పోయి గుప్పెడు స్టోన్ డస్ట్ ఇడిసి సూడు, పక్కకు పోతే గాలున్నట్టు, సక్కగ కాళ్ల మీద పడితే లేనట్టు" అన్నాడు. పేలుడు పాకకుండా గ్యాలరీల్లో చల్లే సున్నపురాయి పొడి బావిలో ఎక్కడైనా దొరుకుతుంది కనుక దానికి మించిన పరికరం అవసరం లేదని ఆయన ధీమా.

గాలి ఉన్నా బండి పోయే దిక్కు కూడా చూడాలి. గ్యాలరీలో గాలి సెకనుకు 2 మీటర్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 7 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుందాం. బండి కూడా అదే దిక్కుకు అదే వేగంతో పోతే దాని పొగ దానితోపాటే ప్రయాణిస్తుంది. కొలిచిన చోట గాలి నిబంధన ప్రకారం పుష్కలంగా ఉన్నా, డ్రైవరు మాత్రం తన పొగలోనే ముఖం పెట్టుకుని షిఫ్టంతా కూర్చుంటాడు. ఎదురుగాలికి పోయే బండిలో ఈ బాధ లేదు. ఏ దారిలో ఎటు నడపాలి, ఒక గాలి పాయలో ఒకేసారి ఎన్ని బండ్లు ఉండవచ్చు, అదనపు బండి వస్తే ఎక్కడ ఆగాలి అనే ట్రాఫిక్ నియమాలు అందుకే వెంటిలేషన్ ప్లానులో భాగం కావాలి, రవాణా విభాగానికి వదిలేసేవి కావు.

మసి ఎంతవరకు ఉండవచ్చు అనే హద్దు దేశదేశానికీ మారుతుంది, మారిన తీరులో ఒక తర్కం ఉంది. డీజిల్ ఇంజిన్ గనుల్లోకి మొదట దిగింది 1927లో, జర్మనీలో. దాని పొగను ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఆర్క్ 1988లో "బహుశా క్యాన్సర్ కారకం" అంది, 2012 జూన్‌లో ఆ "బహుశా"ను తీసేసి నిర్ధారిత క్యాన్సర్ కారకాల తొలి వర్గంలో చేర్చింది. ఆ నిర్ణయానికి బలమిచ్చిన వాటిలో ముఖ్యమైనది అదే ఏడాది మార్చిలో వెలువడిన అమెరికా అధ్యయనం. అక్కడి జాతీయ క్యాన్సర్ సంస్థ, వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ కలిసి ఎనిమిది గనుల్లో పనిచేసిన 12,315 మందిని పరిశీలించాయి. ఆ ఎనిమిదీ బొగ్గు గనులు కావు. ఉప్పు, పొటాష్, ట్రోనా (సోడా ముడిఖనిజం), సున్నపురాయి గనులు. బొగ్గు దుమ్ము, రేడాన్, సిలికా లాంటివి లెక్కను కలగాపులగం చేయకుండా డీజిల్ ఒక్కదాని ప్రభావం తేల్చడానికే అలాంటివి ఎంచుకున్నారు. ఎక్కువగా పీల్చినవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు తక్కువగా పీల్చినవారితో పోలిస్తే సుమారు మూడు రెట్లు కనిపించింది. గని యజమానుల బృందం కోర్టుకెక్కడంతో ఆ ఫలితాల ప్రచురణ చాలాకాలం సాగింది.

అమెరికాలో లోహ, లోహేతర గనులకు 2008 మే నుంచి గాలిలో హద్దు పెట్టారు, ఘనపు మీటరుకు మొత్తం కార్బన్ 160 మైక్రోగ్రాములు. బొగ్గు గనులకు మాత్రం గాలిలో హద్దు పెట్టలేదు. 2001 జనవరి నిబంధన ప్రకారం ఫేస్ యంత్రాలు, భారీ యంత్రాలు గంటకు 2.5 గ్రాములకు మించి మసి వదలకూడదు, తేలికపాటి బండ్లకు 5 గ్రాములు. రెండు చోట్లా మనుషులవి ఒకే ఊపిరితిత్తులైనప్పుడు ఈ తేడా ఎందుకు? డీజిల్ మసిని గాలిలో కొలవడమంటే కార్బన్‌ను కొలవడం. బొగ్గు గనిలో గాలి నిండా ఉండేది కార్బనే. ఫిల్టర్ మీద పడిన నలుపులో బొగ్గు ఎంత, ఇంజిన్ మసి ఎంత అని కచ్చితంగా విడదీయడం కష్టం. ఒక మైక్రాన్ కంటే పెద్ద కణాలను ముందే పక్కకు తోసే పరికరంతో కొంతవరకు వేరుచేయవచ్చు గానీ, జరిమానా వేసి కోర్టులో నిలబడేంత కచ్చితత్వం దానికి లేదని ఆనాడు భావించారు. అందుకే కొలతను గాలి నుంచి పొగగొట్టానికి మార్చారు.

ఆ 2.5 గ్రాములను పైన చెప్పిన 100 కిలోవాట్ల బండికి అన్వయిస్తే గంటకు వచ్చే గాలి 21,600 ఘనపు మీటర్లు, అంటే ఘనపు మీటరుకు దాదాపు 116 మైక్రోగ్రాముల మసి. ఫిల్టర్ లేని పాత ఇంజిన్ గంటకు 20 గ్రాములు వదులుతుందనుకుంటే అదే గాలిలో 926 మైక్రోగ్రాములు. ఆస్ట్రేలియాలో మసిలోని అసలు కార్బన్‌కు, అంటే ఎలిమెంటల్ కార్బన్‌కు, వాడే హద్దు 100 మైక్రోగ్రాములు. యూరోపియన్ యూనియన్ 50 మైక్రోగ్రాములకు దిగింది, భూగర్భ గనులకూ సొరంగాలకూ గడువు పెంచి 2026 ఫిబ్రవరి 21 నుంచి వర్తించేలా చేసింది. ఎలిమెంటల్ కార్బన్ మొత్తం మసిలో ఒక భాగమే కనుక ఈ అంకెలను తిన్నగా పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఫిల్టర్ లేకుండా ఒక్క గాలితోనే ఏ దేశపు హద్దునూ అందుకోలేమన్నది మాత్రం వీటిని బట్టి తేలిపోతుంది. గాలిని ఎనిమిది రెట్లు పెంచే ఫ్యాన్ ఏ గని దగ్గరా లేదు, ఉన్నా ఆ వేగానికి దుమ్ము లేచి ఎవరూ నిలబడలేరు.

పొగగొట్టం హద్దుకు ఉన్న లోపం, అది యంత్రాన్ని లెక్కిస్తుంది గానీ యంత్రాల సంఖ్యను, గంటలను లెక్కించదు. గాలి హద్దుకు ఉన్న లోపం, నమూనా తీసిన రోజు బండి షెడ్డులో ఉంటే ఫలితం ముత్యంలా వస్తుంది. రెండూ ఉండాలని నేనంటాను. ఒకటే ఎంచుకోమంటే బొగ్గు గనికి పొగగొట్టం హద్దునే ఎంచుకుంటాను, దోషి ఎవరో అక్కడ వెంటనే తెలుస్తుంది కాబట్టి.

ఆమోదం రోజున హద్దులో ఉన్న ఇంజిన్ ఆరు నెలల తరువాత కూడా హద్దులో ఉంటుందన్న హామీ లేదు. బొగ్గు దుమ్ములో ఎయిర్ క్లీనర్ త్వరగా పూడుకుపోతుంది. గాలి తగ్గి డీజిల్ అంతే పడితే మంట సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్, మసి రెండూ లేస్తాయి. టెస్ట్ బెడ్ మీద పూర్తి లోడులో నడుస్తున్న ఇంజిన్‌కు గాలి దారిలో ఉన్న బటర్‌ఫ్లై వాల్వును (మధ్యలో తిరిగే రేకును) కొద్దికొద్దిగా మూసుకుంటూ పోతే, మొదట తెర మీద కార్బన్ మోనాక్సైడ్ అంకె నిలకడగా ఉండి, ఒక దశ దాటగానే ఒక్కసారిగా ఎగబాకడం కనిపిస్తుంది. శబ్దంలో మార్పు తెలియదు, లాగుడులోనూ పెద్దగా తెలియదు. డ్రైవరుకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. కారే ఇంజెక్టర్, మసితో నిండిన జ్వాలా నిరోధకం వల్ల పెరిగే వెనక ఒత్తిడి కూడా ఇదే పని చేస్తాయి.

అందుకే 1996 అక్టోబరులో అమెరికా బొగ్గు గనుల డీజిల్ నిబంధనలు వచ్చినప్పుడు వాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది వారానికోసారి జరిగే పొగ పరీక్ష. బండిని ఫేస్ దగ్గరి యంత్రాల్లోనో భారీ యంత్రాల్లోనో లెక్కిస్తే, వారంలో ఒకసారైనా ఇంజిన్‌ను లోడు మీద నడిపి, గాలితో కలవని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతో కొలిచి, నమోదు చేయాలి. బ్రేకు గట్టిగా వేసి, గేరులో పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్ మీద లోడు పడుతుంది, ప్రతివారం అదే పద్ధతిలో చేస్తే ఈ వారం అంకెను పోయిన వారం అంకెతో పోల్చవచ్చు. చేతిలో పట్టుకునే గ్యాస్ మీటరు, శిక్షణ పొందిన ఒక ఫిట్టర్, కొద్ది నిమిషాల సమయం చాలు. ఖాళీగా ఐడిల్‌లో నడిపి కొలిచే పరీక్ష దీనికి సాటి రాదు, పూడుకున్న ఎయిర్ క్లీనర్ ఐడిల్‌లో బయటపడదు. అవసరం లేకుండా ఐడిల్‌లో ఉంచడాన్నే ఆ నిబంధనలు నిషేధించాయి, అది మరో మంచి పని.

కొలతలు ఎక్కడ తీస్తారన్నది ఎంత ముఖ్యమో ఈ ఊరిలోనే చూశాను. నగరంలో ఒక సొరంగం పనిచోటికి స్నేహితుడితో కలిసి వెళ్లినప్పుడు, గ్యాస్ మీటరును తాజా గాలి తెచ్చే గొట్టం మూతికి దగ్గరగా వేలాడదీసి ఉంచారు. డీజిల్ లోడర్ నడుస్తున్నా దాని తెర మీద అన్నీ సున్నాలే. సూపర్‌వైజరు కడప అబ్బాయి, "అన్నా, ఇక్కడ పెడితేనే అలారం మోగకుండా పని సాగుతుంది" అని నిర్మొహమాటంగా చెప్పాడు. ఆ సొరంగంలో మీథేన్ లేదు, కాబట్టి పేలుడు భయం లేదు. బొగ్గు గనిలో అదే అలవాటు ఉంటే సంగతి వేరు. మన నిబంధనల ప్రకారం రిటర్న్ గాలిలో, అంటే పనిచోట్లు దాటి బయటకు పోయే గాలిలో, మండే వాయువు 0.75 శాతం, ఎక్కడైనా సరే 1.25 శాతం మించకూడదు. ఆ కొలత అబద్ధమైతే పైన చెప్పిన జాకెట్లు, పలకలు, వాల్వులు మాత్రమే మిగులుతాయి.

మన దేశంలో భూగర్భ బొగ్గు గనుల్లో ఇప్పటిదాకా ఈ చర్చ పెద్దగా జరగకపోవడానికి కారణముంది. ఫేస్ దగ్గర బొగ్గెత్తే ఎస్‌డీఎల్ (సైడ్ డిశ్చార్జ్ లోడర్), ఎల్‌హెచ్‌డీ (లోడ్ హాల్ డంపర్) యంత్రాలు మన దగ్గర ఎక్కువగా కరెంటు కేబుల్‌తో నడిచేవే, మనుషులు చైర్‌లిఫ్ట్ మ్యాన్‌రైడింగ్ మీద పోతారు. పైగా బొగ్గులో అత్యధిక భాగం పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనుల నుంచే వస్తోంది. ఇప్పుడు బొగ్గు మంత్రిత్వ శాఖ 2030 నాటికి భూగర్భ ఉత్పత్తిని 100 మిలియన్ టన్నులకు చేర్చాలని లక్ష్యం పెట్టుకుంది. బొగ్గును కోసే భారీ యంత్రాలైన కంటిన్యుయస్ మైనర్లు, లాంగ్‌వాల్‌లు కరెంటుతోనే నడుస్తాయి గానీ, కిలోమీటర్ల దూరంలోని ఫేస్‌కు మనుషులను, పైకప్పు కూలకుండా బిగించే రూఫ్ బోల్టులను, టన్నుల బరువున్న విడిభాగాలను చేర్చడానికి పట్టాలు అక్కర్లేని డీజిల్ బండ్లే అనువు. గని ఎంత పెద్దదైతే వాటి అవసరం అంత పెరుగుతుంది. బ్యాటరీ బండ్లు వస్తాయి, రావాలి కూడా. అయితే లిథియం బ్యాటరీ వేడెక్కి అంటుకుంటే ఆర్పడం ఎంత కష్టమో తెలిసిందే కనుక బొగ్గు గనిలో అవి నిలదొక్కుకునేదాకా డీజిల్ తప్పదు.

కాబట్టి ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ యంత్రానికి ఆమోదం ఇచ్చేటప్పుడు మంట అంటించదన్న హామీతోపాటు గంటకు ఎన్ని గ్రాముల మసి అన్న అంకెనూ అడగాలి, ఆ అంకెను, కావలసిన గాలిని బండి మీదే ప్లేటుగా బిగించాలి. వదిలే గ్యాస్‌ను బట్టి గనులకు ఇచ్చే డిగ్రీ వర్గీకరణ ఈ విషయంలో దారి తప్పించకూడదు. టన్ను బొగ్గుకు ఒక ఘనపు మీటరు లోపు మీథేన్ వదిలే మొదటి డిగ్రీ గనిలో పేలుడు భయం తక్కువే కావచ్చు, మసి భయం మాత్రం మూడో డిగ్రీ గనిలో ఎంతో అక్కడా అంతే. కార్మికులకు జరిగే వైద్య పరీక్షలో ఎక్స్‌రే చూసే కన్ను ప్రధానంగా దుమ్ము జబ్బు కోసం వెతుకుతుంది. డీజిల్ బండి ఎన్నేళ్లు నడిపాడన్నది ఆ ఫారంలో ఒక గడిగా చేరితే, రిటైరైన తరువాత వచ్చే జబ్బుకు కనీసం ఆధారమైనా మిగులుతుంది.

ఇంకొకటి, అమెరికాలో లాంటి వారపు పరీక్ష మన దగ్గరా పెడితే దాని ఫలితాలు ఎవరి చేతికి అందాలన్నది. మైన్స్ రూల్స్ కార్మికుల తరఫున వర్క్‌మెన్స్ ఇన్‌స్పెక్టర్‌లకు గని అంతా తిరిగి చూసే హక్కునిచ్చాయి. మామకు వాళ్లతో చాలా ఏళ్ల పరిచయం. "వాళ్లు రూఫ్ సూస్తరు, సపోర్టులు సూస్తరు, గ్యాస్ రిజిస్టర్ సూస్తరు. బండి పొగకు రిజిస్టరే లేకుంటే ఏం సూస్తరురా" అన్నాడు. బండి నంబరు, తేదీ, లోడు మీద కార్బన్ మోనాక్సైడ్ అంకె, పోయిన వారం అంకె, ఎయిర్ క్లీనర్ మార్చిన తేదీ, ఎగ్జాస్ట్ ఫిల్టర్ మార్చిన తేదీ, సెన్సర్ పనిచేసిందా లేదా, ఫిట్టర్ సంతకం. ఇంతే ఉన్న ఒక పుస్తకం తెలుగులో అచ్చయి, మేనేజర్ గదిలో బీరువాలో కాకుండా బండ్లు నిలిపే షెడ్డులో వేలాడితే చాలు. అంకె పెరిగిన బండిని ఎక్కనని చెప్పడానికి డ్రైవరు ఆ పేజీనే చూపించవచ్చు.